రెండోది ఎవరికి అమ్మావు?

ఇనుప ముక్క ఏది చేతికొచ్చినా మా అత్తయ్య ముందు దాన్ని దారానికి వేలాడదీసి చిన్న సుత్తితో ఒకసారి తట్టేది. తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మోత పూర్తిగా ఆగేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. పెళ్లికి ముందు మా మామయ్యను కూడా అలాగే సుత్తితో తట్టి చూసిందని వీధిలో అందరూ వేళాకోళం చేసేవారు. మామయ్య ఉడుక్కునేవాడు కాదు. "మోగాను కనకే ఒప్పుకుంది" అనేవాడు. ఆయన కార్లకు సీట్లు కుట్టేవాడు. షెడ్డులో సగం ఆయనది, సగం ఆమెది. తోలు మీద గ్రీజు పడకుండా మధ్యలో ఒక తెర వేలాడేది.

ఆ షెడ్డుకు బోర్డు లేదు. అక్కర కూడా లేదు. కంపెనీ మూతపడి, విడిభాగాలు దొరక్క, మిగతా మెకానిక్కులంతా చేతులెత్తేసిన పాత కార్లే అక్కడికి వచ్చేవి. ఈ పని ఆమెకు మా తాత దగ్గర అబ్బింది. తాత బస్సు డిపోలో ఫిట్టరు. సెలవు రోజున ఇంటి ముందు ఎవరిదో ఒక కారు విప్పుకుని కూర్చునేవాడు. ఆ మసి అంటే ఆయన కొడుక్కి, అంటే మా నాన్నకు, ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. కూతురికి మాత్రం అదే బొమ్మరిల్లు. అలా అక్క విప్పడం నేర్చుకుంది, తమ్ముడు అమ్మడం నేర్చుకున్నాడు. పాత విడిభాగాలు ఎక్కడెక్కడివో వెతికి తెచ్చి అమ్మడమే నాన్న వ్యాపారం. ఆయన సరుకు ఎక్కించుకుని తిరిగే వ్యాను నేను నడుపుతాను.

నాన్న తెచ్చిన ముక్కల్లో సగం అత్తయ్య సుత్తి దగ్గరే ఆగిపోయేవి. "ఇది అసలుది కాదురా" అని ఒక్క మాట అని పక్కన పెట్టేసేది. నాన్న నవ్వుతూనే తీసుకుని వచ్చేసేవాడు కానీ, వ్యానెక్కాక మాత్రం మాట్లాడేవాడు కాదు.

ఆ ఏడు అత్తయ్య చేతిలో ఉన్నది నర్సమ్మ కారు. నల్లటి పాత కారు, గుండ్రటి కళ్లద్దాల్లాంటి లైట్లు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నర్సమ్మ ఆ కారు వేసుకుని కొండ మీది ఇళ్లకు కాన్పులు చేయడానికి వెళ్లేది. రిటైరయ్యాక కారు మూలపడింది. ఎలుకలు వైర్లు తినేశాయి. ఒకరోజు దాన్ని లారీ మీద ఎక్కించుకొచ్చి షెడ్డు ముందు దింపించింది.

"అమ్మాయీ, దీన్ని బొమ్మలా చేసి చూపించక్కర్లేదు. నేను నడపాలి. ఆ కొండ రోడ్డు మీద, నా చేత్తో" అంది.

అత్తయ్య ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చింది. ఇంజను కుదిరింది. బ్రేకులు కుదిరాయి. మామయ్య సీట్లు కుట్టేశాడు. అంతా అయ్యాక ఒక్కటి మిగిలింది. స్టీరింగు తిప్పితే ఆ తిప్పుడును కింద చక్రాలకు అందించే ఇనుప చెయ్యి ఒకటుంటుంది. డ్రాప్ ఆర్మ్ అంటారు. జానెడు ముక్క. అది విరిగిందంటే చేతిలో స్టీరింగు పిల్లల బొమ్మకారు చక్రమే, ఎటు తిప్పినా కారు తన దారిన తాను పోతుంది. నర్సమ్మ కారుకు ఉన్న చెయ్యి ఎప్పుడో విరిగితే ఎవడో వెల్డింగుతో అతికించి ఇచ్చాడు. అది చూసినప్పుడు అత్తయ్య చాలాసేపు కారు కిందనుంచి బయటికి రాలేదు.

"ఈ అతుకుతోనా ఈవిడ కొండలెక్కింది!" అని మామయ్యతో అందట. "రంగు అబద్ధం చెప్పినా పరవాలేదు, సీటు అబద్ధం చెప్పినా పరవాలేదు. ఇది చెప్పకూడదు."

అసలైన చెయ్యి కోసం ఆమె వెతకని చోటు లేదు. తుక్కు దుకాణాలన్నీ తిరిగింది. పాత డ్రైవర్ల ఇళ్లకు వెళ్లింది. అదే కంపెనీ ఒకప్పుడు చేసిన చిన్న సరుకుల వ్యానుకు కూడా సరిగ్గా అదే చెయ్యి వేసేవారని ఎవరో పెద్దాయన చెబితే ఆ వ్యాన్ల కోసం తిరిగింది. ఎక్కడా లేదు. నర్సమ్మ అడగడం మానేసింది. ఆ మానేయడమే అత్తయ్యకు ముల్లులా గుచ్చుకునేది.

అలాంటప్పుడు ఒక పొద్దున మా నాన్న షెడ్డులోకి పెళ్లికొడుకులా నడిచి వచ్చాడు. చేతిలో నూనె కాగితం పొట్లం. కాగితం మీద కంపెనీ గుర్తు, కింద ముక్క నంబరు.

"అక్కా, కళ్లు మూసుకుని చెయ్యి చాపు."

"నాకు బోలెడు పనుందిరా."

"చాపు మరి!"

అత్తయ్య పొట్లం విప్పింది. నిగనిగలాడే కొత్త డ్రాప్ ఆర్మ్. తెర వెనకనుంచి మామయ్య సూది పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "బావా, చూశావా! మూతపడ్డ గోడౌనులో నుంచి బయటపడిన సరుకు. రెండే రెండు దొరికాయి" అన్నాడు నాన్న. నా వైపు చూసి కన్ను కూడా గీటాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను అంతకు ముందు చూడలేదు.

అత్తయ్య దారం తీసింది.

"అక్కా, తమ్ముడి మీద కూడా సుత్తేనా?"

ఆమె వేలాడదీసి తట్టింది. టక్కుమంది. అంతే. మోత లేదు, పచ్చి కుండను కొట్టినట్టు. మళ్లీ తట్టింది. మళ్లీ అదే. ముక్కను వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి అంచు వెంబడి బొటనవేలు నడిపింది. కాల్చి, కొట్టి చేసిన ఇనుముకు అంచున వెడల్పాటి పట్టీ ఉంటుంది. దీనికి వెంట్రుక లాంటి సన్నగీత ఉంది. అంటే ఇనుము కరిగించి అచ్చులో పోశారన్నమాట.

"ఇది పోత" అంది.

"నీకు అన్నీ పోతలే!" నాన్న గొంతు లేచింది. "కంపెనీ గుర్తు కనబడుతుంటే! నీ చెవికి మోగకపోతే లోకంలో ఏదీ అసలుది కాదు. ఎన్నేళ్లనుంచి చూస్తున్నాను, నా చేత్తో తెచ్చినది ఒక్కటైనా సంతోషంగా తీసుకున్నావా?"

"ఒరేయ్, అలా పక్కకు జరుగు."

ముక్కను బల్ల మీది వైసు దవడల మధ్య పెట్టి బిగించింది. రెండో కొసకు పొడుగాటి గొట్టం తగిలించింది. "అక్కా వద్దు, ఇలాంటిది మళ్లీ దొరకదు" అంటూనే ఉన్నాడు నాన్న. అత్తయ్య గొట్టం మీద తన బరువంతా వేసింది. అసలైనదైతే మూలుగుతుంది, మహా అయితే కాస్త వంగుతుంది. ఇది పటుక్కున విరిగి గొట్టంతో సహా నేలమీద పడింది. విరిగినచోట లోపలంతా బూడిదరంగు, గరుకు, ఉప్పురాయిలా.

పైన పటారం, లోన లొటారం. నాన్న ఆ ముక్కవైపు చూస్తూ నిలబడ్డాడు. పోనీలే, వెటకారం చేయకుండా ఊరుకుంటే చాలు అనుకున్నాను నేను. అత్తయ్య వెటకారం చేయలేదు. అంతకంటే భయంకరమైన మాట అడిగింది.

"రెండు దొరికాయన్నావు. రెండోది ఎవరికి అమ్మావు?"

నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాటల మాస్టారికి."

పాటల మాస్టారు పిల్లలకు సంగీతం చెప్పే ఆయన. ఆయనకూ అలాంటి కారే ఉంది. ఉన్న డ్రాప్ ఆర్మ్ అరిగిపోయింది, మార్చుకుంటానని ఎన్నాళ్లనుంచో నాన్నను అడుగుతున్నాడు. ముక్క చేతికందిన రోజే వాళ్ల వీధి మెకానిక్కు చేత బిగించుకుని, పాతది తుక్కులో పడేశాడు.

"కారు ఇంట్లోనే ఉందిగా?"

"లేదక్కా. ఇవాళ పొద్దున్నే భార్యను తీసుకుని కొండ దాటి మరదలి ఇంటికి వెళ్తానన్నాడు."

అత్తయ్య ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. మాస్టారి నంబరు మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. బండి నడిపేటప్పుడు మాస్టారు ఫోను ముట్టుకోడని, అది ఆయన నియమమని నాన్నకు తెలుసు. ఎప్పుడూ మెచ్చుకునేవాడు. ఆ మంచి అలవాటే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది.

"కోడలు పిల్లా, వ్యాను తీయి" అంది అత్తయ్య. కిరసనాయిలు డబ్బా, ఒక సుద్దముక్క, గుడ్డ చంకలో పెట్టుకుని ఎక్కేసింది. మామయ్య ఫోన్లో ప్రయత్నిస్తూ షెడ్డులోనే ఉండిపోయాడు.

ఊరు దాటి కొండ రోడ్డెక్కాం. నాన్న మధ్యలో కుడితిలో పడ్డ ఎలకలా ఇరుక్కుని కూర్చున్నాడు. నేను ఎంత తొక్కినా ఆ వ్యాను ఎక్కుడులో ముసలి ఎద్దులా ఆయాసపడేది. ప్రతి మలుపు దగ్గరా ముగ్గురం ముందు రోడ్డు చూసి, వెంటనే పక్కన లోయలోకి చూసేవాళ్లం. చెట్ల మధ్య నల్లగా ఏది కనబడినా వేగం తగ్గించి చూసేదాన్ని. ఒకసారి అది కాలిన మోడు. ఒకసారి నీడ.

"నువ్వు మోసపోయావా?" ఉన్నట్టుండి అడిగింది అత్తయ్య. "లేక తెలిసే తెచ్చావా?"

నాన్న అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పోత అని తెలీదు. నీ మీదొట్టు. కానీ..."

"కానీ?"

"కాగితం మీద అచ్చు మరీ కొత్తగా ఉంది. అన్నేళ్లు గోడౌనులో పడున్న కాగితం అలా ఉండదు. చూశాను. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నువ్వు వెతికినా దొరకనిది నేను తెచ్చివ్వాలని..."

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. తిడితే బాగుండుననిపించింది నాకు.

కొండ మీదికి చేరాక రోడ్డు పక్కన ఒక కాఫీ కొట్టు ఉంది. నల్ల కారు వచ్చిందా అని అడిగాను. "ఇందాకే వెళ్లారమ్మా, భార్యాభర్తలు. పెద్దాయన పాడుకుంటూ ఉన్నాడు" అన్నాడు కొట్టతను. అంటే ఎక్కుడుకు ఆ ముక్క తట్టుకుంది. ఇక మిగిలింది దిగుడు. చక్రాల మీద బరువంతా ముందుకు పడేది అక్కడే, స్టీరింగు గట్టిగా తిప్పవలసింది అక్కడే.

రెండు మలుపులు దిగాక కింద కారు కనబడింది. మెల్లగా, ముచ్చటగా, ఏమీ ఎరగనట్టు పోతోంది. నా చెయ్యి దానంతటదే హారను మీదికి పోయింది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

"కొట్టకు! అదిరిపడి స్టీరింగు ఒక్కసారి లాగాడంటే మనమే విరిచినవాళ్లమవుతాం."

"మరెలా ఆపాలి అత్తయ్యా?"

"ముందు దగ్గరికి పో. మెల్లగా. ఆ కింద రోడ్డు తిన్నగా ఉన్నచోట పక్కకు వెళ్లు. లోయ వైపు మనముండాలి, కొండ వైపు వాళ్లు." ఆమె నాన్న వైపు తిరిగింది. "నువ్వు కిటికీ దగ్గరికి జరుగు. నిన్నయితే గుర్తుపడతాడు. టైరులో గాలి తక్కువుందని చెప్పు. నవ్వుతూ చెప్పు."

"నవ్వుతూనా!"

"నవ్వుతూనే. నీ మొహం ఇలా పెట్టావంటే ఆయన బెదిరిపోతాడు. సరుకు అమ్మేటప్పుడు నవ్వుతావు చూడు, అలా."

ఒక మలుపు. కారు వెనక చక్రాలు కాస్త జారినట్టయ్యి సర్దుకున్నాయి. ఇంకో మలుపు. మాస్టారి భార్య తల అటూ ఇటూ ఊగుతోంది. ఆమె కూడా పాడుతోందేమో. తర్వాత రోడ్డు తిన్నగా సాగింది. లోయ అంచున నా చక్రాల కింద గులకరాళ్లు కరకరలాడాయి. అద్దంలోంచి కిందికి చూడలేదు.

నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. చెమటలు కారుతూ, పళ్లన్నీ కనబడుతూ, ఏడుపు కంటే ఘోరమైన నవ్వు.

"మాస్టారూ! నమస్కారం! ముందు టైరులో గాలి తగ్గినట్టుంది. కంగారేం లేదు, అలా నిదానంగా, తిన్నగా ఆపెయ్యండి!"

మాస్టారు చెయ్యి ఊపాడు. కారు నిదానించింది. ఇంకా నిదానించింది. ఆగింది. అది ఆగీ ఆగకముందే అత్తయ్య దిగి చక్రం కింద రాయి తోసింది. నాకు బ్రేకు మీదనుంచి కాలు తీయడం చేతకాలేదు.

ఆమె కారు కింద పడుకుంది. డ్రాప్ ఆర్మ్‌ను కిరసనాయిలుతో తడిపి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్ద రుద్దింది. ఇనుములో పగులుంటే అందులోకి దూరిన నూనె మళ్లీ సుద్దలోకి ఊరి గీతలా కనబడుతుంది. మేమంతా వంగి చూస్తున్నాం. తెల్లటి సుద్ద మీద మొదట ఏమీ లేదు. తర్వాత తడిగా, నల్లగా, చీమ నడిచినట్టు ఒక గీత మెల్లగా బయటికి వచ్చింది. చెయ్యి స్టీరింగు కాండాన్ని పట్టుకునే చోట, రంధ్రం చుట్టూ సగం దాకా.

"టైరేనా?" అడిగాడు మాస్టారు.

అత్తయ్య కిందనుంచే అంది, "నువ్వే చెప్పరా."

నాన్న చెప్పాడు. అచ్చు కొత్తగా ఉండడం దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. మాస్టారు వింటూ వింటూ వెళ్లి రోడ్డు అంచున గట్టు మీద కూర్చున్నాడు. లోయలోకి ఒకసారి చూసి, లేచి, రోడ్డుకు ఇవతలి వైపు వచ్చి నిలబడ్డాడు. మాట్లాడింది ఆయన భార్య.

"మీకు పిల్లలున్నారా?"

నాన్న నన్ను చూపించాడు.

"ఆ అమ్మాయిని ఎక్కించుకుని ఈ కారు నడిపేవారా?"

నాన్న తల దించుకున్నాడు. నేను ఆయన పక్కకు వెళ్లాలనుకున్నాను. వెళ్లలేకపోయాను.

ముందు చక్రాలు పైకెత్తి లాగే బండిని పిలిపించి కారును షెడ్డుకు చేర్చాం. అక్కడ విప్పి తీసిన చెయ్యిని అత్తయ్య బల్ల మీద పెట్టి సుత్తితో ఒకసారి మామూలుగా తట్టింది. అది రెండు ముక్కలైంది. మామయ్య ఆ ముక్కల మీద గుడ్డ కప్పాడు, శవానికి కప్పినట్టు.

ఆ తర్వాత అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. నాన్న ఆ సరుకు ఇచ్చినవాడి కోసం వెళ్తే కొట్టు ఖాళీ చేసి ఉంది. ఇంటికొచ్చి, వాడి దగ్గర తెచ్చిన మిగతా సరుకంతా వాకిట్లో పోసి, ఒక్కొక్కటే పగలగొట్టాడు. మర్నాటినుంచి డ్రాప్ ఆర్మ్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఫోన్లలో బేరాలు కాదు, కాళ్లరిగేలా తిరగడం. వ్యాను నడిపేదాన్ని కనక నాకు తెలుసు, ఎన్ని తుప్పు కుప్పల్లో ఆయన తల దూర్చాడో.

చివరికి ఒక పూలమొక్కల తోటలో, తీగలు అల్లుకుపోయి, చక్రాలు మట్టిలో కూరుకుపోయిన సరుకుల వ్యాను ఒకటి దొరికింది. తోట యజమాని అందులో విత్తనాల సంచులు దాచుకుంటున్నాడు. చెయ్యి ఇవ్వనన్నాడు.

"అది తీస్తే నా బండి కదలదు."

"ఇప్పుడు కదులుతుందా?" అన్నాడు నాన్న.

"కదలదు. కానీ కదుల్తుందేమోనని ఓ ఆశ ఉంటుంది కదండీ."

నాన్న ఆయన పక్కన మట్టిలో కూర్చుని కొండ మీద జరిగినదంతా చెప్పాడు. తన తప్పుతో సహా. ముసలాయన విని, లేచి వెళ్లి తనే రెంచి తెచ్చిచ్చాడు. గ్రీజు అంటితే మూడుసార్లు చేతులు కడుక్కునే మా నాన్న, ఆ వ్యాను కింద వానపాముల మధ్య వెల్లకిలా పడుకుని, తుప్పు పట్టిన నట్టుతో పొద్దుగుంకేదాకా పెనుగులాడాడు. నేను సాయం వస్తానంటే రానివ్వలేదు.

ఆ ముక్కను షెడ్డులో బల్ల మీద పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నర్సమ్మ కూడా ఆ రోజు అక్కడే ఉంది. అత్తయ్య తుప్పు గీకి, వేలాడదీసి తట్టింది. మోగింది. గంటలా మోగి, ఆ మోత షెడ్డు రేకుల దాకా పోయి చాలాసేపు నిలిచింది. తర్వాత సుద్ద రుద్ది చూసింది. గీత రాలేదు. వంకర కూడా లేదు.

ఉన్నది ఒక్కటి. కార్లు రెండు. అత్తయ్య నర్సమ్మ వైపు చూసింది. ముందు ఆవిడదే వరస.

"నన్నేం చూస్తావు?" అంది నర్సమ్మ. "ఆస్పత్రిలో ముందొచ్చిన వాళ్లను కాదు, చావు అంచుదాకా వెళ్లిన వాళ్లను ముందు చూస్తాం. మాస్టారికి వెయ్యి. వాళ్లు మళ్లీ ఆ కారెక్కాలంటే ధైర్యం రావాలి కదా."

మాస్టారికే వేసింది. ఆయన మళ్లీ కారెక్కాడు కానీ, భార్య చాలాకాలం ఎక్కలేదని విన్నాను.

నర్సమ్మ కారుకు కావలసిన చెయ్యి వానలు వెలిశాక దొరికింది. అదీ నాన్నకే దొరికింది. ఒక పాత డ్రైవరు దాన్ని ఇంటి గేటుకు గడియగా వాడుకుంటున్నాడు. బదులుగా నాన్న ఆయన గేటుకు మంచి గడియ చేయించి ఇచ్చాడు. ముక్క సుత్తికీ నిలిచింది, సుద్దకీ నిలిచింది. అత్తయ్య బిగించి, కారు బయటికి తీసింది. నర్సమ్మ స్టీరింగు ముందు కూర్చుని కళ్లజోడు సర్దుకుంది. నాన్న మా పక్కన నిలబడి చూస్తున్నాడు.

అప్పుడు అత్తయ్య ఇన్నాళ్లకు ఆయనతో మాట్లాడింది.

"ఎక్కరా."

"నేనా? నేనెందుకు?"

"తెచ్చింది నువ్వు కదా. ముక్క తెచ్చినవాడు పక్క సీట్లో కూర్చోవాలి. ఇకనుంచి ఇదే పద్ధతి."

నాన్నకు కొండ మలుపులంటే చిన్నప్పటినుంచీ కడుపులో తిప్పుతుంది. ఆ సంగతి అక్కకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా మారుమాటాడకుండా తలుపు తీసుకుని కూర్చున్నాడు. నర్సమ్మ కారును కొండదాకా తీసుకెళ్లి, ఎక్కించి, దింపి తెచ్చింది. తిరిగొచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నాన్న ముఖం ఆకుపచ్చగా ఉంది. మామయ్య నీళ్లచెంబు పట్టుకుని ఎదురెళ్లాడు.

ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. నాన్న తెచ్చిన ముక్క బిగించిన ప్రతి కారూ మొదట ఆయన్ను ఎక్కించుకునే కొండ దిగుతుంది. ముక్కలు కొనేటప్పుడు ఆయన ఇప్పుడు మూడుసార్లు చూస్తాడు. బయల్దేరేముందు మాత్రం అన్నం తినడు.